అత్తయ్యగారు గోడ పట్టుకుని నడిచిన రోజులు

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా “తూలిపోతున్నట్టుందే” అంటే మీరేమంటారు? “ఎండలో తిరక్కండి”, “రాత్రి సరిగ్గా తిన్నారా?”, “బీపీ మాత్ర వేసుకున్నారా?”... ఇంతేగా! నేనూ ఇవే అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంకో మాట కూడా మనసులో అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అయినా దాచకుండా చెప్పేస్తాను. అది చెప్పకపోతే ఇదంతా మీకు రాసి ప్రయోజనం లేదు.

మా అత్తయ్యగారిది తణుకు దగ్గర ఓ పల్లెటూరు. మామయ్యగారు పోయాక కూడా ఊరు వదిలి రానన్నారు. అరవై నాలుగేళ్ల వయసులో ఒక్కరే ఉండి, రెండెకరాల కొబ్బరితోట చూసుకునేవారు. తెల్లవారకముందే లేచి వాకిట్లో ముగ్గు పెట్టేవారు. వాన పడిన మర్నాడు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద చరచరా నడిచిపోయేవారు. మేం పండక్కి వెళితే ఆవిడ వెనకాల నడవలేక నేనే జారిపడేదాన్ని. “సిటీ కాళ్లమ్మా నీవి” అని నవ్వేవారు.

2018 ఆగస్టులో, శ్రావణమాసం మొదట్లో, ఆవిడకి చలిజ్వరం పట్టుకుంది. రెండు రోజులు ఊళ్లోనే మాత్రలు మింగి ఊరుకున్నారు. మూడో రోజుకి మాట తడబడిందని పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. మావారు వెళ్లి కారులో విజయవాడ తీసుకొచ్చేసరికి బీపీ పడిపోయింది. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. మూడు రోజులు ఐసీయూలో ఉంచారు. మూత్రం కల్చర్ పరీక్ష చేస్తే, ఆ క్రిమికి మామూలు మందులు పనిచేయవనీ, జెంటామైసిన్‌కి మాత్రం లొంగుతుందనీ తేలింది. ఆ సూదులే మొదలుపెట్టారు.

ఇక్కడో మాట ముందే చెప్పేస్తాను. ఆ మందే మా అత్తయ్యగారి ప్రాణం నిలబెట్టింది. ఆ సంగతి నేనెప్పుడూ మరిచిపోను. మీరూ ఈ వ్యాసం చివరిదాకా చదివేటప్పుడు ఇది మరిచిపోవద్దు.

మొత్తం పద్నాలుగు రోజులు ఆ సూది చేశారు. ఏడు రోజులు ఆస్పత్రిలో, ఏడు రోజులు మా ఇంట్లో. వీధి చివర క్లినిక్‌లో పనిచేసే కాంపౌండరు వచ్చి చేసి వెళ్లేవాడు. ఆస్పత్రిలో ఉండగా కిడ్నీలు కాస్త నెమ్మదించాయన్నారు. ఇంటికొచ్చాక ఆ పరీక్ష మళ్లీ ఎవరూ చేయించమనలేదు. అడగాలని మాకూ తెలియదు.

పదకొండో రోజో, పన్నెండో రోజో ఆవిడ, “అమ్మాయ్, లేచి నిలబడితే పడవలో నిలబడ్డట్టుందే” అన్నారు. “నీరసం అత్తయ్యగారూ, ఎన్నాళ్ల జ్వరం!” అన్నాను. కొబ్బరినీళ్లు ఇచ్చాను. సూదుల కోర్సు అయిపోయింది. జ్వరం లేదు. ఆకలి పుట్టింది. ఇక వారం రోజుల్లో లేచి తిరుగుతారనుకున్నాం.

గోడ మీద చేతి మరకలు

తిరగలేదు సరికదా, సూదులు ఆపేసిన పది రోజులకి ఇంకా ఎక్కువైంది. మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్ దాకా గోడ పట్టుకుని నడిచేవారు. అంతకుముందు సంక్రాంతికే రంగులేయించిన గోడ! దాని మీద నడుము ఎత్తున వరసగా చేతి మరకలు. తుడిస్తే పోవు. నేను పైకేం అనలేదుగానీ, రోజూ ఆ మరకలు చూసి మొహం ముడుచుకునేదాన్ని. పెద్దావిడకి అది కనిపించకుండా ఉంటుందా!

అసలు సంగతి ఇదీ. కుర్చీలో కూర్చుంటే ఆవిడ బాగానే ఉండేవారు. గోంగూర తుంచేవారు. మల్లెపూలు మాల కట్టేవారు. సీరియల్ చూస్తూ అందులో అత్తగారిని తిట్టేవారు. లేచి నిలబడగానే తూలుడు. పగలు కాస్త నయం. సాయంత్రం ఆరున్నర, ఏడు అయ్యేసరికి మొదలు. అది సరిగ్గా మావారు ఆఫీసు నుంచి వచ్చే వేళ! గుమ్మంలో కొడుకు చెప్పుల చప్పుడు వినగానే ఆవిడ లేచేవారు, తూలేవారు, ఆయన పరుగెత్తుకెళ్లి పట్టుకునేవారు.

మీరు నవ్వినా తిట్టినా సరే, ఉన్నమాట చెబుతున్నాను. “పగలంతా లేని తూలుడు కొడుకు రాగానే ఎలా వస్తుందో!” అనుకున్నాను. నటన అనుకున్నాను. ఊరికి తిరిగి వెళ్లడం ఇష్టం లేక, ఆ మాట నోటితో అనలేక, ఇలా చేస్తున్నారేమో అని మా అమ్మకి ఫోన్లో కూడా చెప్పాను.

ఆ మధ్యలో పక్క వాటా ఆవిడ ఓ మాటంది. “మీ అత్తగారు వీధిలో ఎదురైతే మొహం తిప్పుకుని వెళ్లిపోయారండీ. మేమేం అన్నామని?” నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అడిగితే అత్తయ్యగారు తెల్లబోయారు. “నడుస్తుంటే మొహాలు వణుకుతాయే అమ్మాయ్. బోర్డుల మీద అక్షరాలు కూడా గెంతుతాయి. ఆగి చూస్తే బాగానే కనపడతాయి” అన్నారు. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాం. కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళితే చూపు నిక్షేపంగా ఉందన్నాడు. ఉండదూ మరి! కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టి చదివించాడు కదా!

ఇక మేం తిరగని చోటు లేదు. షుగర్ చూశారు, బీపీ చూశారు, తలకి స్కాన్ తీశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఒకాయన మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేయించాడు. ఇంకొకాయన తల తిరగడానికి మాత్రలిచ్చాడు. వాటితో ఆవిడకి మధ్యాహ్నం కూడా మత్తుగా ఉండేది. తూలుడు మాత్రం అలాగే ఉంది. మా అమ్మ చెబితే ఎండుమిరపకాయలతో దిష్టి కూడా తీశాను. ఘాటుకి నేను దగ్గానుగానీ ఆవిడ నడక మారలేదు.

కార్తీకమాసం వచ్చింది. తెల్లవారుజామున తలస్నానం చేయడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. వద్దంటే వినలేదు. బాత్‌రూమ్‌లో నిలబడి, కళ్లు మూసుకుని చెంబుతో నీళ్లు నెత్తిన పోసుకున్నారు. దభీమని చప్పుడైంది. వెళ్లి చూసేసరికి ఆవిడ కింద ఉన్నారు. బక్కెట్ బోర్లా పడి ఉంది. కుడి మణికట్టు విరిగింది.

ఇంట్లో కొడుకు లేడు. ఆయన ఆ వారం కాంపుకి వెళ్లారు. చూసేవాళ్లెవరూ లేని చోట, తలుపు వేసుకుని, చీకట్లో ఎవరైనా నటిస్తారా చెప్పండి! ఆ తడి నేల మీద కూర్చుని ఆవిడ తల ఒళ్లో పెట్టుకున్నప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది.

డాక్టరు అడిగిన ఒక్క ప్రశ్న

చేతికి కట్టు కట్టిన ఎముకల డాక్టరే, “ఎందుకు పడ్డారో అది ముందు చూపించుకోండి, చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి” అన్నాడు. చెవికీ పడటానికీ ఏం సంబంధమా అనుకుంటూనే వెళ్లాం.

ఆ డాక్టరు అత్తయ్యగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, “నా ముక్కు మీదే చూపు పెట్టండమ్మా” అన్నాడు. ఆవిడ తల రెండు చేతులతో పట్టుకుని చటుక్కున కొంచెం పక్కకి తిప్పాడు. నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. ఆవిడ కళ్లు ముక్కు మీద నిలవలేదు. తలతోపాటే పక్కకి పోయి, మళ్లీ గెంతి వెనక్కి వచ్చాయి. రెండో వైపు తిప్పినా అంతే. తర్వాత గోడ మీద అక్షరాల పట్టిక చదవమన్నాడు. కదలకుండా ఉన్నప్పుడు చిన్న అక్షరాల దాకా చదివేశారు. మెల్లగా తల అటూ ఇటూ ఊపుతూ చదవమంటే పైన పెద్ద అక్షరాల దగ్గరే ఆగిపోయారు. ఆఖరికి మెత్తటి స్పాంజి దిండు మీద నిలబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. నరికిన చెట్టులా ఒరిగిపోయారు. ముందే చేతులు చాపి ఉంచాడు కాబట్టి పట్టుకున్నాడు.

అప్పుడు అడిగాడు. “ఈ మధ్య ఏదైనా పెద్ద జబ్బు చేసి, రోజుల తరబడి సూదులు చేయించారా?”

ఆస్పత్రి ఫైలు నా సంచీలోనే ఉంది. మూడు నెలలుగా ఇంట్లో బీరువాలోనే ఉంది. డిశ్చార్జి కాగితం తీసి ఇచ్చాను. ఆయన ఒక లైను కింద గోరుతో గీత గీసి మాకు చూపించాడు. జెంటామైసిన్.

చెవిలో ఉన్న రసమట్టం

చెవి వినడానికే అనుకుంటాం కదా! డాక్టరుగారు కాగితం మీద బొమ్మ వేసి చెప్పినదీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

మన లోపలి చెవి కణత ఎముకలో దాగి ఉంటుంది. అందులో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం వినడానికి. దాని పక్కనే ఇంకో అమరిక ఉంది. మూడు చిన్న వంపు గొట్టాలు, విరిగిన గాజుముక్కల్లా, ఒక్కోటి ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటాయి. వాటిలో నీరు. తల ఎటు తిప్పినా ఆ నీరు కదులుతుంది. వాటి మొదట్లో రెండు చిన్న సంచులు. వాటిలో సున్నపురాయి పొడి లాంటి సన్నటి కణాలు. పైన ఏది, కింద ఏది, ముందుకు పోతున్నామా, పక్కకి ఒరుగుతున్నామా అని ఇవి చెబుతాయి. మేస్త్రీ గోడ కట్టేటప్పుడు పెట్టి చూసుకునే రసమట్టం ఉంటుందే, అలాంటిదన్నమాట. కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో ఒకటి.

ఆ కదలికని పసిగట్టేవి రోమకణాలు. కంటికి కనిపించనంత చిన్న కణాలు, నెత్తిన కుచ్చులా సన్నటి నూగు. ఆ నూగు ఎటు వంగితే అటు కబురు మెదడుకి వెళుతుంది.

ఇప్పుడే ఒక చిన్న పని చేసి చూడండి. ఈ పత్రికని చేయి చాపినంత దూరంలో పట్టుకుని, గబగబా అటూ ఇటూ ఊపుతూ చదవండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు పత్రికని కదల్చకుండా, మీ తలని అంతే వేగంగా ఊపుతూ చదవండి. చదవగలుగుతున్నారు కదూ! తల ఎంత కదిలితే కళ్లని అంతే ఎదురు దిక్కుకి తిప్పేది చెవిలోని ఆ అమరికే. మనం నడిచేటప్పుడు తల ఎగురుతూనే ఉంటుంది. అయినా లోకం నిలకడగా కనిపిస్తోందంటే దాని చలవే. మా అత్తయ్యగారికి అది పోయింది. అందుకే నడుస్తుంటే మొహాలు వణికాయి. పక్క వాటా ఆవిడ గర్వం అనుకున్నది ఇదీ!

ఇక తూలుడు సంగతి. మనం నిలబడటానికి మూడు ఆధారాలు. కళ్లు చూసి చెబుతాయి, కాళ్లూ కీళ్లూ నేలని తాకి చెబుతాయి, చెవి చెబుతుంది. మూడు రాళ్ల పొయ్యి మీద కుండ అనుకోండి. ఆవిడకి ఒక రాయి పోయింది. పగలు వెలుతురులో కళ్లూ కాళ్లూ కలిసి ఎలాగో నెట్టుకొస్తాయి. చీకటి పడితే రెండో రాయి కూడా పోయినట్టే. కళ్లు మూసుకుని తల మీద నీళ్లు పోసుకుంటే, కింద జారే నేల కూడా తోడైతే, ఇక కుండ నిలుస్తుందా?

సాయంత్రం కొడుకు వచ్చే వేళకే తూలుడు ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమైంది కదా! కొడుకు వచ్చే వేళ అని కాదు. చీకటి పడే వేళ అని.

“మరి గిర్రున తిరగడం లేదేమిటండీ?” అని అడిగాను. ఒక చెవి పాడై రెండోది బాగుంటే రెండింటి కబుర్లూ పొసగక లోకం గిర్రున తిరుగుతుందట. రెండు చెవులూ ఒకేలా దెబ్బతింటే తిరగడం ఉండదు. నిలకడ మాత్రమే పోతుంది. కూర్చున్నా పడుకున్నా హాయిగా ఉండి, లేస్తేనే తూలే ఈ జబ్బుని చాలామంది పోల్చుకోలేరని చెప్పాడాయన.

ప్రాణం పోసే మందుకి ఈ గుణమేమిటి?

ఈ మందుల జాతికి అమైనోగ్లైకోసైడ్లు అని పేరు. వీటిలో మొదటిది స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే కుర్రవాడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశాడు. అప్పటిదాకా మందే లేని క్షయకి అది మందైంది. 1952లో వాక్స్‌మన్‌కి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయితే వాడిన తొలి రోజుల్లోనే కొందరు రోగులు తూలడం డాక్టర్లు గమనించారు. అదే 1952లో, మోకాలి క్షయకి ఆ సూదులు చేయించుకుని నిలకడ పోగొట్టుకున్న ఒక అమెరికన్ డాక్టరు తన అవస్థని ఒక పెద్ద వైద్యపత్రికలో రాశాడు. పడుకుని పుస్తకం చదవబోతే గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్షరాలు గెంతేవట. మంచం తలవైపు ఉన్న రెండు ఊచల మధ్య తల ఇరికించుకుని చదివేవాడట పాపం! ఇది అత్తయ్యగారికి చదివి వినిపిస్తే, “అయితే నాకొక్కదానికే కాదన్నమాట” అన్నారు. ఆ మాటలో ఎంత ఊరట ఉందో!

జెంటామైసిన్ 1963లో వచ్చింది. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఎక్కువగా నిలకడని దెబ్బతీస్తాయి. అదే జాతికి చెందిన అమికాసిన్, కనామైసిన్, నియోమైసిన్ ఎక్కువగా వినికిడిని దెబ్బతీస్తాయి. అందరికీ ఇలా జరగదు. చాలామందికి ఏమీ కాదు. అయితే ఎవరికి జరుగుతుందో ముందుగా పూర్తిగా చెప్పలేరు.

మందు రక్తంలోంచి చెవి లోపలి నీటిలోకి చేరుతుంది. రోమకణాల నూగు కొసల్లో సన్నటి ద్వారాలుంటాయి. కబురు పంపడానికి అవి తెరుచుకున్నప్పుడు మందు కూడా ఆ దారినే లోపలికి దూరుతుంది. దూరినది తేలిగ్గా బయటికి రాదు. లోపల విషపదార్థాలు పుట్టి కణం చచ్చిపోతుంది. రక్తంలోని మందుని కిడ్నీలు గంటల్లో బయటికి పంపేస్తాయి. చెవిలో మాత్రం అది వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. సూదులు ఆపేశాక ఆవిడకి ఎక్కువైంది అందుకే. కిడ్నీలు నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుని ప్రమాదం ఇంకా పెరుగుతుంది. రక్తంలో మందు మోతాదు సరిగ్గానే ఉన్నా కొందరికి చెవి దెబ్బతింటుందట.

పక్షులకి ఈ రోమకణాలు పోతే మళ్లీ మొలుస్తాయని 1980ల చివర్లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మనకి ఆ భాగ్యం లేదు. మనిషికి ఏ కాస్తో తప్ప మళ్లీ మొలవవు. “పిచ్చుకపాటి చేయలేదన్నమాట నా బతుకు” అని అత్తయ్యగారు నవ్వబోయి ఆపేశారు.

మళ్లీ అక్షరాభ్యాసం

“మరి దారేమిటి?” అంటే, మెదడుకి మళ్లీ నేర్పడమే దారి అన్నాడు డాక్టరు. మిగిలిన రెండు రాళ్ల మీద కుండ నిలబెట్టడం మెదడు నేర్చుకుంటుందట. తల తిరుగుడు మాత్రలు మెల్లగా మాన్పించాడు. అవి ఎక్కువ రోజులు వాడితే మెదడు ఆ నేర్చుకునే పనిని కూడా మందగిస్తుందని చెప్పాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి ఒక అట్టముక్క మీద ‘అ’ అని రాసి, గోడకి కంటి ఎత్తులో అతికించింది. ఎదురుగా కూర్చుని, చూపు ఆ అక్షరం మీదే పెట్టి, తల అటూ ఇటూ తిప్పాలి. అక్షరం చెదరకూడదు. చెదిరితే వేగం తగ్గించాలి. ఒక నిమిషం అలా, ఒక నిమిషం పైకీ కిందకీ. రోజుకి మూడు నాలుగు సార్లు. మొదట కూర్చుని, కొన్ని వారాలయ్యాక నిలబడి. తర్వాత హాల్లో నడుస్తూ తల తిప్పడం, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడటం, పరుపు మీద నిలబడటం. పక్కన నేను ఉండి తీరాలి. “ఈ వయసులో మళ్లీ అక్షరాభ్యాసం” అని నవ్వేవారు. మొదటి పది రోజులూ వికారం వచ్చి ఏడ్చేవారు కూడా. మానలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, ఆవిడ వెనక చేతులు చాపి నిలబడి, “అత్తయ్యగారూ, నేను మిమ్మల్ని నమ్మలేదండీ. నటిస్తున్నారనుకున్నాను” అని చెప్పేశాను. ఆవిడ వెనక్కి తిరగలేదు. తిరిగితే తూలుతారు కదా! గోడ మీద అక్షరం వైపే చూస్తూ అన్నారు. “నువ్వేం చేస్తావే అమ్మాయ్. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. కూర్చుంటే బాగుండి లేస్తే తూలడమేమిటి, నేనే కావాలని చేస్తున్నానేమోనని.”

నాకు నోట మాట రాలేదు. మనం నమ్మకపోతే వాళ్లు వాళ్లనే నమ్మడం మానేస్తారన్నమాట.

ఆరు నెలలకి ఆవిడ చేతికర్రతో పగటిపూట వీధి చివరి గుడి దాకా వెళ్లి రావడం మొదలుపెట్టారు. ఎవరైనా ఎదురైతే ఆగి, మొహం నిలిచాక పలకరిస్తారు. పక్క వాటా ఆవిడకి ఇప్పుడు మంచి స్నేహితురాలు. ముగ్గు కూడా పెడతారు, బాగా తెల్లవారాక, చిన్న ముగ్గు. తోట గట్టు మాత్రం ఇక ఆవిడకి లేదు. 2019లో తోట కౌలుకిచ్చేశాం. కాగితం మీద సంతకం పెట్టిన రోజు ఆవిడ అన్నం తినలేదు. అన్నీ తిరిగి రావండీ. వచ్చాయని రాస్తే అబద్ధం రాసినదాన్నవుతాను.

మీరు గుర్తుంచుకోవలసినవి

ఈ మందులంటే భయపడి వద్దనకండి. రక్తంలో ఇన్‌ఫెక్షన్ వంటి ప్రాణం మీదికొచ్చే జబ్బులకి, ముఖ్యంగా పుట్టిన పసికందులకి, డాక్టర్లు నేటికీ వీటిని వాడతారు. రెండు మూడు రోజుల వాడకంలో ప్రమాదం చాలా తక్కువ. రోజులు పెరిగేకొద్దీ పెరుగుతుంది. అన్ని యాంటీబయాటిక్స్‌కీ ఈ గుణం లేదు. పేరు చివర ‘మైసిన్’ అని ఉన్నవన్నీ కూడా ఈ జాతివి కావు. అజిత్రోమైసిన్ వేరే జాతి.

మీవాళ్లకి రోజుల తరబడి సూదులు రాస్తే, వినయంగానే అయినా అడగండి. “మందు పేరేమిటి? ఎన్ని రోజులు? కిడ్నీ పరీక్ష మళ్లీ ఎప్పుడు? ఇంతే పనిచేసే వేరే మందు ఉందా?” డిశ్చార్జి కాగితం భద్రంగా దాచి, ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపించండి.

ముందే కిడ్నీ జబ్బు ఉన్నా, వినికిడి తక్కువైనా, గర్భిణి అయినా ఆ సంగతి ముందుగా చెప్పండి. గర్భంతో ఉండగా స్ట్రెప్టోమైసిన్ ఇస్తే బిడ్డ వినికిడి దెబ్బతినవచ్చు. తల్లి వైపు బంధువుల్లో ఎవరికైనా సూదుల తర్వాత చెవుడు వచ్చిందా అన్నది కూడా ముఖ్యమే. తల్లి నుంచి పిల్లలకి వచ్చే ఒక జన్యుమార్పు ఉంటే ఈ మందులు తేలిగ్గా వినికిడి పోగొడతాయని 1993లో కనుగొన్నారు.

సూదులు చేయిస్తుండగా గానీ, ఆపిన కొన్ని వారాల్లో గానీ నడిస్తే తూలడం, చీకట్లో నడవలేకపోవడం, నడుస్తుంటే చూపు గెంతడం, చెవిలో హోరు... వీటిలో ఏది కనిపించినా నీరసం అని సరిపెట్టకండి. ఆ రోజే డాక్టరుకి చెప్పండి.

చెవిలో చీము కారుతుంటే షాపులో అడిగి చుక్కల మందు కొని వేయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే, జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి ఉన్న చుక్కలు లోపలికి దిగి ఇదే హాని చేయగలవు. డాక్టరు చెవిలోకి చూశాకే వేయాలి.

ఇంట్లో ఇలాంటివారు ఉంటే మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. స్నానం పీట మీద కాదు, ఎత్తుగా ఉన్న స్టూలు మీద కూర్చుని చేయాలి. తలంటు ఒంటరిగా వద్దు. దారిలో మెత్తటి తివాచీలు, చాపలు తీసేయండి. దిండు కింద టార్చిలైటు ఉంచండి. కాలవలో, చెరువులో, సముద్రంలో మునగనివ్వకండి. నీళ్లలో మునిగితే పైన ఏదో కింద ఏదో వాళ్లకి తెలియదు.

మా ఇంట్లో ఆ గోడకి మళ్లీ రంగు వేయించాం. వేయించే ముందు వడ్రంగిని పిలిచి, ఆ చేతి మరకలు ఎంత ఎత్తున ఉన్నాయో అంత ఎత్తులోనే మంచం నుంచి బాత్‌రూమ్ దాకా కర్ర పట్టీ బిగించమన్నాను. కొలత తీసుకోవలసిన అవసరం కూడా రాలేదు. అత్తయ్యగారు మూడు నెలలపాటు రోజూ గీసి పెట్టారు మరి! చూడవలసిన కంటితో నేనే చూడలేదు.

మీ ఇంట్లో ఎవరైనా “తూలిపోతున్నట్టుందే” అంటే, ముందు నమ్మండి. ఆ తర్వాత లైటు వేసి, బీరువాలోంచి ఆ ఫైలు తీయండి.